మొదటి శనివారాల క్యాసెట్లు

2004 మార్చిలో ప్రిన్సిపాల్ గారి ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మే నెలాఖరుకల్లా లాంగ్వేజ్ ల్యాబ్ ఖాళీ చెయ్యాలి, జూన్ నుంచి అది కంప్యూటర్ ల్యాబ్. పాత టేపు రికార్డర్లూ హెడ్‌ఫోన్లూ చెక్క బూత్‌లూ వేలంలో పోతాయి. మిగతా వస్తువులేమైనా ఉంటే ఆయా శాఖలవాళ్ళు తీసుకుపోవాలి, లేకపోతే పారేస్తారు.

ఆ మిగతా వస్తువులు మావే. ల్యాబ్ వెనకగోడకు ఆనించిన ఇనప బీరువాలో నూట ఎనభై ఏడు క్యాసెట్లు. బెంగళూరులో తొమ్మిదేళ్ళపాటు ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం మా కాలేజీకి వచ్చి తెలుగువాళ్ళు చదివిన కవిత్వమంతా వాటిలో ఉంది.

నేను 1992లో అక్కడ తెలుగు లెక్చరర్‌గా చేరాను. మాది ప్రొద్దుటూరు. సెకండ్ లాంగ్వేజీగా తెలుగు తీసుకునే పిల్లలు ఏడాదికి నలభై మందికి మించేవారు కాదు. అందుకని శాఖలో ఇద్దరమే, జోగయ్య మాస్టారూ నేనూ. ఆయనది శ్రీకాకుళం అవతల ఏదో చిన్న రైల్వే స్టేషను ఊరు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. క్లాసులో వ్యాకరణం చెప్పేటప్పుడు ఎంత కఠినంగా ఉండేవారో, మొదటి శనివారం సాయంత్రం అంత మెత్తబడిపోయేవారు.

ఆ సభ, నేను చేరేముందు ఏడాది, ఆయనే మొదలుపెట్టారు. దానికి ఆహ్వానపత్రిక లేదు, అధ్యక్షుడు లేడు. నాలుగున్నరకు లాంగ్వేజ్ ల్యాబ్ తలుపు తీసేవారు, అంతే. కోలారు గనుల్లో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు పొద్దున బయల్దేరి వచ్చేవారు. ఒక సిటీ బస్సు కండక్టరు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చి వెనక కూర్చునేవాడు. ఇద్దరు నర్సులు, ముగ్గురు నలుగురు బ్యాంకువాళ్ళు, చివరి ఏళ్ళలో హూడి నుంచి రెండు బస్సులు మారి వచ్చే సాఫ్ట్‌వేరు ఇంజనీరు. ఎవరు రాసుకున్నది వాళ్ళు చదివేవారు. బాగుందని గానీ బాగాలేదని గానీ మాస్టారు ఎప్పుడూ అనలేదు. నచ్చితే మాత్రం, "ఏదీ, ఇంకొక్కసారి చదవండి," అనేవారు. ఆ మాట కోసమే చాలామంది వచ్చేవారని నా అనుమానం.

టేపు చేసేది మునిస్వామి, ల్యాబ్ అటెండరు. వాళ్ళది నాలుగు తరాలుగా బెంగళూరే. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు కన్నడం. తెలుగు అక్షరాలు రావు. అయినా ఏ క్యాసెట్టులో ఎవరు ఏం చదివారో ఒక పొడుగాటి రిజిస్టరులో కన్నడ అక్షరాలతో తెలుగులోనే రాసి పెట్టేవాడు. ప్రతి క్యాసెట్టుకూ వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరిచేస్తే ఆ టేపు మీద మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు. సభ అయిపోగానే మునిస్వామి స్క్రూడ్రైవరు మొనతో ఆ రెక్కలు విరిచి, జేబులో వేసుకునేవాడు. "ఇంక దీన్ని ఎవురూ ముట్టేదానికి లేదు మేడమ్," అనేవాడు ప్రతిసారీ.

అంతమందిచేత చదివించిన మాస్టారు తాను మాత్రం ఎప్పుడూ చదవలేదు. రాస్తారని అందరికీ తెలుసు. పరీక్షపేపర్ల వెనక, బస్సు టికెట్ల వెనక రాసుకోవడం నేనే చూశాను. అడిగితే నవ్వి ఊరుకునేవారు.

1995 మే నెలలో నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. జూన్ రెండోవారంలో మాస్టారి దగ్గర్నించి కార్డు వచ్చింది. "నువ్వు లేని నెల చూసి ధైర్యం చేశాను. 'గేటు' అని పెద్దది ఒకటి చదివాను. అరగంట పట్టింది. మునిస్వామి టేపు చేశాడు. నువ్వు వచ్చాక విందువుగాని." పాపను పక్కలో వేసుకుని ఆ కార్డు ఎన్నిసార్లు చదువుకున్నానో.

సెప్టెంబరులో తిరిగి రాగానే అడిగాను. "విందువులే, తొందరేం," అన్నారు. దసరా సెలవులయ్యాక అడిగాను. "బీరువాలో ఎక్కడో ఉంటుంది, వెతకాలి," అన్నారు. ఆయన మళ్ళీ ఎన్నడూ చదవలేదు. 97లో రిటైరయ్యాక కూడా సభకు వచ్చేవారు, 99 ఆఖరున చలికాలంలో పోయారు. వాళ్ళింట్లో వెతికితే వ్యాకరణం నోట్సులు తప్ప ఒక్క కవిత కాగితం దొరకలేదు. ఆయన లేకుండా సభ నడపడం నాకు చేతకాలేదు. నాలుగు నెలలు ప్రయత్నించి ఆపేశాను. బీరువాకు తాళం పడింది. ఎప్పుడైనా అడిగితే మునిస్వామి, "ఎక్కడో ఉండాది మేడమ్, వెతికిస్తా," అనేవాడు. ఉందిగదా, ఎప్పుడైనా వినొచ్చులే అని నేనూ ధీమాగా ఉండిపోయాను.

సర్క్యులర్ చూసిన రోజు బీరువా తెరిస్తే గుప్పుమని బూజు వాసన కొట్టింది. ఒక క్యాసెట్టు వెలుగుకు పెట్టి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి. వానాకాలం చెమ్మ నాలుగేళ్ళుగా లోపలే కూర్చుంది.

ఆ గది ఎవరికైతే ఇస్తున్నారో ఆవిడతోనే ముందు పోట్లాడాను. కంప్యూటర్ సైన్సు లెక్చరర్ చాందిని. మహబూబ్‌నగర్ అమ్మాయి, చేరి రెండేళ్ళయింది. నా కేకలన్నీ ఓపిగ్గా విని, "అయిపోయిందా మేడమ్?" అంది. "గది నేనడగలే, వాళ్ళిచ్చిన్రు. ఒక క్యాసెట్ ఇయ్యిరి, చూస్తా."

మర్నాడు తన కంప్యూటరుకు మా టేపు రికార్డరు తగిలించి, ఒక వైరు అటూ ఇటూ కలిపి, కోలారు పెద్దాయన గొంతు నాకు స్పీకర్లలో వినిపించింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు.

"ఇట్లనే అన్ని ఎక్కించొచ్చు. కానీ షార్ట్‌కట్ లేదు మేడమ్. గంట క్యాసెట్‌కు గంట పడతది. కూసొని వినాలె."

"నూట ఎనభై ఏడు గంటలా?"

"ఎండాకాలం సెలవులేగద. రోజుకు నాలుగు చేస్తే అయిపోతది. నాకు మెషీన్లు జూన్‌ల వస్తయి."

అలా ఆ ఏప్రిల్, మే నెలలు గడిచాయి. పొద్దున తొమ్మిదింటికి ముగ్గురం చేరేవాళ్ళం. మునిస్వామి ఒక్కో క్యాసెట్టు మరలు విప్పి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచి, కొత్త డబ్బాలోకి మార్చి, పెన్సిలుతో చుట్ట బిగించి ఇచ్చేవాడు. చాందిని కంప్యూటరు చూసుకునేది. నేను విని, ఎవరు, ఏ నెల, మొదటి పాదమేమిటి అని రాసుకునేదాన్ని. కరెంటు పోతే కాలేజీ ఎదురుగా ఉన్న దర్శినికి, నిలబడి తాగే చిన్న హోటలుకి, వెళ్ళి రెండు కాఫీలు ముగ్గురం పంచుకునేవాళ్ళం.

చదివినవాళ్ళ కవిత్వమే కాదు, ఆ గది చప్పుళ్ళన్నీ ఆ టేపుల్లో ఉన్నాయి. సీలింగు ఫ్యాను కీచు. గ్లాసులు కింద పెట్టిన చప్పుడు. ఎవరో దగ్గడం, ఆ దగ్గు ఎవరిదో నాకు తెలిసిపోవడం. ఒక టేపులో నా నవ్వు వినిపించింది, పాతికేళ్ళ వయసు నవ్వు. చాందిని నా మొహంలోకి చూసి, "మీరేనా?" అని అడిగింది. మధ్యమధ్య మాస్టారి గొంతు, "ఏదీ, ఇంకొక్కసారి." అది వచ్చినప్పుడల్లా మునిస్వామి గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది.

పదహారు క్యాసెట్లు పనికిరాకుండా పోయాయి. కొన్ని అతుక్కుపోయాయి, కొన్ని తిప్పగానే తెగిపోయాయి. పోయినవాటిలో 95 నాటిదేదీ లేనందుకు సంతోషపడ్డాను. కానీ విన్నవాటిలోనూ 'గేటు' కనిపించడంలేదు. మే మూడోవారానికి బీరువాలో ఇరవై క్యాసెట్లే మిగిలాయి.

అప్పటిదాకా మునిస్వామే చూసి చెబుతున్న రిజిస్టరును ఆ సోమవారం నేనే ముందు పెట్టుకుని, కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ 1995 పేజీ తీశాను. తొంభై నాలుగో నంబరు, జూన్, జోగయ్య సారు, గేటు. దాని మీద సన్నగా ఒక గీత కొట్టేసి ఉంది. కిందనే అదే తొంభై నాలుగో నంబరుతో జూలై, మార్త అని ఉంది.

తొంభై నాలుగు వెతికి తీశాను. విరిచిన రెక్కల చోట పసుపుపచ్చగా మారిన గమ్ముటేపు అంటించి ఉంది. ఆ బొక్కలు అలా మూసేస్తే పాతది చెరిగిపోతూ కొత్తది రికార్డవుతుంది. మాతో కూర్చుని ఎనిమిదేళ్ళు ఆ పని చేసిన మనిషికి అది తెలియకుండా జరగదు.

"మునిస్వామీ, ఇదేమిటి?"

అతను క్యాసెట్టు వైపు చూశాడు. చేతిలో గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"నేనే చేసినా మేడమ్."

"మాస్టారిది చెరిపేశావా?"

"సారే చెప్పినారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయినాయన మీదికి తోసేస్తున్నాడనుకున్నాను. ఏమేమి అన్నానో ఇప్పుడు తల్చుకోవాలన్నా సిగ్గుగా ఉంటుంది. తొమ్మిదేళ్ళు నా కళ్ళలోకి చూసి అబద్ధమాడావన్నాను. చివరికి చాందినే, "చెప్పనియ్యిరి మేడమ్," అంది.

అప్పుడు చెప్పాడు. మార్త బొమ్మనహళ్ళిలో మునిస్వామి ఉండే వఠారంలోనే, పక్క ఇంట్లో ఉండేది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని. చర్చిలో బైబిలు చదవడానికి తెలుగు అక్షరాలు నేర్చుకుని, వాటితో సొంతంగా ఏదో రాసుకునేది. జూన్ నెలలో ఊరికే వినడానికి అతనితో వచ్చింది. మాస్టారి 'గేటు' విని వెళ్ళి, జూలైలో తనవి ఆరు కవితలు రాసుకుని వచ్చింది. ఆ రోజు అందరూ చదివాక ఆమె వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే మిషను టేపును నమిలేసింది. అదే ఆఖరి ఖాళీ క్యాసెట్టు.

"ఆ పాప లేచి నిలబడుకోని వణుకుతా ఉండాది మేడమ్. టేపు లేదు, వచ్చేనెల చదువుదువు పోమ్మా అంటిని నేను. వచ్చేనెల ఈ యమ్మ రాదు మునిస్వామీ అనిరి సారు. నాది తీసి దాని మీద పెట్టు అనిరి. నేను పెట్టను అన్నా. బీరువా కాడ గుసగుసగా గొడవ పడినా సారుతో, నిజంగా. ఆయనే గమ్ముటేపు కోసి అంటించి నా చేతికిచ్చినారు."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దనిరి. ఆ పాపకి తెలిస్తే బేజారవుతాది అనిరి. ఇంకొకటి..." అతను బల్ల మీది గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను పిల్చుకొచ్చిన మనిషి మేడమ్. పక్కింటి పిల్ల కోసరం సారుది చెరిపేసినాడు అని మీరంతా అనుకుంటారని భయం. ఆ క్యాసెట్టు మళ్ళా నేను ముట్టనే లేదు."

చాందిని నా చేతిలోంచి క్యాసెట్టు తీసుకుని రికార్డరులో పెట్టింది.

ముందు ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత సన్నటి, గబగబా పరిగెత్తే గొంతు.

"రోజుకు అయిదునూర్ల కాలర్లు కుడతాను
ఒక్క మెడ అయినా ఎరగను
నా దారం గుచ్చుకుంటే
ఎవరన్నా ఒకసారి తిరిగి చూడండప్పా..."

"ఏదీ, ఇంకొక్కసారి చదవమ్మా," అన్నారు మాస్టారు. రెండోసారి గొంతు నిలబడింది, పరుగు తగ్గింది. ఆరు కవితల్లో నాలుగు ఆయన మళ్ళీ చదివించారు. ఎనిమిదేళ్ళలో ఎవరిచేతా అన్ని చదివించలేదు. వింటూ ఉంటే నా కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

చివరి కవిత అయిపోయింది. చప్పట్లు, కుర్చీలు జరిపిన చప్పుడు. మునిస్వామి ఆనాడు రికార్డరు కట్టేసిన "టక్" అన్న శబ్దం. నేను చెయ్యి చాచి ఆపాలి, ఆపలేదు. కూర్చునే ఉన్నాను.

ఒక్క క్షణం సుయ్యిమంది. ఆ వెంటనే, పాదం మధ్యలోంచి, మాస్టారి గొంతు.

"...పోయాక పట్టా మీద చెయ్యిపెట్టి చూడమనేవాడు
వెచ్చగా ఉందా అనేవాడు
వెచ్చగా ఉంటే ఇంకా ఎవరో
దారిలో ఉన్నట్టే అనేవాడు మా నాన్న..."

మునిస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. చాందినికి ముందు అర్థం కాలేదు. నాకే అర్థమై, రిజిస్టరులో గీత కొట్టేసిన వాక్యం మీద వేలుపెట్టి చూపించాను. మాస్టారు చదివింది ముప్పై నిమిషాలు. మార్త చదివింది ఇరవై మూడు. చెరపని టేపు ఏడు నిమిషాలు మిగిలిపోయింది.

రైల్వే గేటు కాపలా కాసే తండ్రి గురించిన కవిత అది. ఆఖరి ఏడు నిమిషాల్లో ఆ తండ్రి ముసలివాడవుతాడు, రైలు వచ్చేది చెవికి వినపడదు, పట్టా మీద చెయ్యిపెట్టి తెలుసుకుంటాడు. చదవడం అయిపోయాక గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తర్వాత మాస్టారు మెల్లగా, "అంతేనండి," అన్నారు.

నేను మునిస్వామి దగ్గరికి వెళ్ళి, "తప్పుగా మాట్లాడాను," అన్నాను. "మీరేం అనలే మేడమ్, పోనీండి," అన్నాడు, మొహం తుడుచుకుంటూ.

మే ముప్పైకల్లా పని ముగిసింది. నూట డెబ్బై ఒక్క క్యాసెట్లు సీడీలకెక్కాయి. లైబ్రేరియన్‌ను బతిమాలి రిఫరెన్సు గదిలో ఒక అర సంపాదించాం. చాందిని రెండు సెట్లు చేయించి, ఒకటి తన బీరువాలో దాచింది. "ఒక్క కాపీ ఉంటే లేనట్టే మేడమ్," అనేది.

ఇంక మిగిలింది ఒకటే పని. చదివినవాళ్ళు బతికుంటే, లైబ్రరీలో వినిపించడానికి వాళ్ళ అనుమతి అడగాలి. చాలామందికి ఉత్తరాలు రాశాను. మార్త దగ్గరికి మాత్రం నేనూ మునిస్వామీ కలిసి వెళ్ళాం, జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం. పెళ్ళయ్యాక ఆమె గార్మెంట్స్ పని మానేసి చందాపురలో సొంతంగా టైలరింగ్ కొట్టు పెట్టుకుందట. అత్తిబెలె బస్సెక్కి, చందాపుర సర్కిల్‌లో దిగి, సంతవీధిలో అడుగుతూ పోయాం. చిన్న కొట్టు, రెండు మిషన్లు, గోడకు జాకెట్టు గుడ్డలు. కాలు మిషను మీదే ఉంచి తలెత్తి చూసిన ఆమెకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి.

"మునిస్వామన్నా! ఏమన్నా ఇంత దూరం?"

నేనెవరో చెప్పాను. వాక్‌మన్ తీసి, హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చాను. కాలర్ల కవిత మొదలవగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, ఎంత వేగంగా చదివినానో చూడండి, బస్సు తప్పిపోతుందన్నట్ల." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడేమైనా రాస్తున్నావా అని అడిగితే, కొలతల పుస్తకం వెనక అప్పుడప్పుడు రాస్తానంది, చూపించలేదు.

తర్వాత మాస్టారి గొంతు వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది. చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి, "ఇది నా క్యాసెట్లోకి ఎట్ల వచ్చింది?" అని అడిగింది.

చెప్పొద్దని మాస్టారు అన్న మాట నాకు తెలుసు. అయినా ఆమె అంత సూటిగా అడిగాక దాచలేకపోయాను. చెప్పాను. ఆమె మునిస్వామి వైపు తిరిగింది.

"నాకు చెప్పుంటే చదవకుండా ఇంటికి పోయుందును గదన్నా!"

"అందుకే చెప్పలే," అన్నాడు మునిస్వామి.

ఆమె చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది. మేం లేవబోతుంటే, "ఉండండి మేడమ్," అంది. "పద్యాలు నాకు నోటికి రావు. కానీ ఆ పొద్దు నేను మొదటినుంచి ఉండాను. సారు ఏమేం చెప్పినారో వరసగా చెప్తా. దాంట్లో పట్టుకుంటారా?"

వాక్‌మన్‌కు రికార్డింగు ఉంది. సంచిలో ఖాళీ క్యాసెట్టు ఒకటి ఉంది. పెట్టాను. ఆమె మిషను పక్కకి జరిపి, ఒళ్ళో చేతులు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. గేటు పక్కన ఒంటిగది ఇల్లు. ఎర్ర జెండా, పచ్చ జెండా, వాటికి మాసికలు వేసే తల్లి. బడికి పోవడానికి గేటు దాటాల్సిన పిల్లవాడు, తండ్రి మూసిన గేటు దగ్గరే ఆగిపోయి బడికి ఆలస్యంగా వెళ్ళడం. అవన్నీ నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. మధ్యలో ఒకావిడ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. నేను రికార్డరు ఆపాను. మార్త లేచి కొలతలు తీసుకుని, ఆవిడను పంపించి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఎంతవరకూ చెప్పినా మేడమ్?"

"వాళ్ళమ్మ గేటు దగ్గరికి అన్నం తీసుకొచ్చేదాకా."

"అన్నం కాదు మేడమ్, అంబలి. చోళ్ళ అంబలి అన్నారు సారు. చోళ్ళంటే ఏంది సార్ అని మీటింగ్ అయినాక అడిగినా. రాగులేనమ్మా, మా వైపు చోళ్ళంటాం అన్నారు. ఓ, మా ఇంట్లో తాగేదేనా అంటిని. అదే అదే అని నవ్వినారు."

నేను మళ్ళీ బటన్ నొక్కాను.